ఎకైనోకాకస్: కుక్క, నక్క, గొర్రె, మనిషి మధ్య తిరిగే బద్దెపురుగు గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జంతువుల నుంచి మనుషులకు సంక్రమించే వ్యాధుల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో కొన్ని ఎకైనోకాకస్ అనే ఒకే బద్దెపురుగు చుట్టూ తిరిగాయి. ఒక ప్రశ్నకు జవాబు తెలిస్తే తప్ప మరో ప్రశ్న అర్థం కాదు కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఉత్తరాలు వచ్చిన వరుసలో కాకుండా విషయం విడిపోయే వరుసలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారికి వేరే కారణంతో కడుపు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తే కాలేయంలో ఆరు సెంటీమీటర్ల నీటితిత్తి ఉన్నట్టు తేలింది. అది హైడాటిడ్ తిత్తి అనీ, కుక్కల ద్వారా సోకుతుందనీ డాక్టరుగారు చెప్పారు. మా ఇంట్లో ఏనాడూ కుక్క లేదు. నాన్నగారికి నొప్పి గానీ జ్వరం గానీ లేవు. కుక్కే లేని ఇంటికి ఈ జబ్బు ఎలా వచ్చింది? ఇంత పెద్ద తిత్తి ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు?

జవాబు: మీ నాన్నగారి కాలేయంలో ఉన్నది ఎదిగిన పురుగు కాదు, దాని లార్వా దశ. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే ఈ పురుగు తన జీవితాన్ని రెండు రకాల జంతువులలో గడుపుతుంది. ఎదిగిన పురుగు కుక్క, తోడేలు వంటి జంతువుల చిన్నపేగులో ఉంటుంది. బద్దెపురుగు అనగానే మీటర్ల పొడవున్న పురుగు గుర్తుకు రావడం సహజమే కానీ, ఇది రెండు నుంచి ఏడు మిల్లీమీటర్లకు మించదు. తల వెనుక సాధారణంగా మూడు నాలుగు ఖండాలే ఉంటాయి. ఒక కుక్క పేగులో ఇవి వేల సంఖ్యలో ఉన్నా ఆ కుక్క చిక్కిపోదు, నీరసించదు, చూసేవారికి ఏ తేడా కనిపించదు. పురుగు చివరి ఖండంలో పక్వమైన గుడ్లు మలంతో పాటు బయటికి వస్తాయి.

ఆ గుడ్డు వ్యాసం 30 నుంచి 40 మైక్రోమీటర్లు. అంటే కంటికి కనిపించదు. ఎండకు, పొడి వాతావరణానికి త్వరగా చచ్చిపోతుంది గానీ చల్లగా, తడిగా ఉన్న నేలలో నెలల తరబడి, అన్నీ కలిసివస్తే ఏడాది వరకు సజీవంగా ఉండగలదు. గొర్రె, మేక, పశువు, ఒంటె, పంది వంటి జంతువులు మేతతో పాటు ఆ గుడ్డును మింగితే దానిలోని ఆరు కొక్కేల సూక్ష్మ పిండం పేగు గోడను దూరి, రక్తంతో పాటు ముందుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ చిక్కకుండా తప్పించుకున్న పిండాలు ఊపిరితిత్తులలో ఆగుతాయి. మెదడు, ఎముకలు, మూత్రపిండాల దాకా వెళ్లేవి కొద్ది. ఆగిన చోట పిండం నీటితో నిండిన తిత్తిగా మారుతుంది. తిత్తి లోపలి పొర మీద భవిష్యత్తులో పురుగులు కాగల సూక్ష్మమైన తలలు వేల సంఖ్యలో పుడతాయి. అలాంటి తిత్తి ఉన్న గొర్రె కాలేయాన్నో ఊపిరితిత్తినో కుక్క పచ్చిగా తిన్నప్పుడు ఒక్కో తల ఒక్కో పురుగుగా ఎదిగి, ఆరేడు వారాలలో గుడ్లు విడుదల చేయడం మొదలుపెడుతుంది.

ఈ చక్రంలో మనిషికి చోటు లేదు. గొర్రె మింగవలసిన గుడ్డును పొరపాటున మనిషి మింగితే గొర్రెలో పెరిగినట్టే మనిషిలోనూ తిత్తి పెరుగుతుంది. అంతకుమించి ఏమీ లేదు. కాబట్టి ఇంట్లో కుక్క లేకపోయినంత మాత్రాన ప్రమాదం లేదని చెప్పలేము. కుక్క మలం చేరిన మట్టిలో పెరిగిన కూరగాయలను సరిగా కడగకుండా పచ్చిగా తినడం, కాపుదల లేని నీటిని తాగడం, మట్టి పనులు చేసిన చేతులతో భోజనం చేయడం, దారిన పోయే కుక్కను నిమిరిన చేతిని నోటిదగ్గరకు తీసుకోవడం, వీటిలో ఏదైనా చాలు. ఆ గుడ్డు మీ నాన్నగారి శరీరంలోకి నిన్నా మొన్నా వెళ్లి ఉండదు, బహుశా ఆయన చిన్నతనంలోనే వెళ్లి ఉండవచ్చు. తిత్తి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల వరకు మాత్రమే పెరుగుతుంది. అంత నిదానంగా పెరిగే వస్తువుకు కాలేయం చోటిస్తూ పోతుంది, నొప్పి తెలియదు. పక్కనున్న పిత్తనాళాన్నో రక్తనాళాన్నో నొక్కినప్పుడు, లేదా చీము పట్టినప్పుడు, లేదా పగిలినప్పుడు మాత్రమే మనిషికి తెలిసివస్తుంది. మనుషులలో కనిపించే తిత్తులలో దాదాపు 70 శాతం కాలేయంలోనూ, 20 శాతం ఊపిరితిత్తులలోనూ ఉంటాయి. మీ నాన్నగారిది లక్షణాలు లేని దశలోనే కనబడింది కనుక నిదానంగా ఆలోచించి వైద్యం ఎంచుకునే వ్యవధి ఉందన్నమాట.

ప్రశ్న: గొర్రె కాలేయంలో ఈ తిత్తులు ఉంటాయని చదివిన తర్వాత మా ఇంట్లో మాంసం తినడానికే భయపడుతున్నారు. మాంసం తింటే ఈ పురుగు సోకుతుందా?

జవాబు: సోకదు. తిత్తిలో ఉండే సూక్ష్మ తలలు కుక్క, తోడేలు వంటి జంతువుల పేగులో మాత్రమే పురుగులుగా ఎదగగలవు, మనిషి పేగులో ఎదగలేవు. మనిషికి హాని చేసేది గుడ్డు, ఆ గుడ్డు గొర్రె మాంసంలో ఉండదు. పంది మాంసం ద్వారా సోకే టీనియా సోలియం అనే మరో బద్దెపురుగుతో దీనిని కలిపి చూడడం వల్ల ఈ భయం పుడుతోంది. అక్కడ సరిగా ఉడకని మాంసం తిన్న మనిషి పేగులోనే పురుగు ఎదుగుతుంది, ఇక్కడ అలా జరగదు. అయితే తిత్తి ఉన్న అవయవాన్ని కోసి బయట పారవేస్తే, దానిని తిన్న కుక్క ద్వారా ఆరేడు వారాల తర్వాత అదే ఇంటికి గుడ్లు తిరిగి చేరగలవు. మాంసం వల్ల మీకు నేరుగా ముప్పు లేదు. ఆ అవయవం ఎవరి నోటికి చేరింది అన్నదే అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న: తిత్తిలో ఉన్నది నీరే అయినప్పుడు సూదితో లాగేస్తే సరిపోతుంది కదా? ఆపరేషన్ ఎందుకు అంటున్నారు? పిల్లలకు వేసే పురుగుల మాత్ర వేసుకుంటే కరుగుతుందా?

జవాబు: తిత్తి లోపల ఉన్నది మామూలు నీరు కాదు. దానిలో పరాన్నజీవి ప్రొటీన్లు, వేల కొద్దీ సూక్ష్మ తలలు ఉంటాయి. ఏ జాగ్రత్తా లేకుండా గుచ్చినా, కడుపుకు దెబ్బ తగిలి తిత్తి పగిలినా ఆ ద్రవం పొట్ట లోపలికి చిమ్ముతుంది. వెంటనే జరిగే ప్రమాదం తీవ్రమైన అలర్జీ; రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆలస్యంగా కనిపించే ప్రమాదం మరొకటి ఉంది: చిందిన ఒక్కో తల ఒక్కో కొత్త తిత్తిగా పెరగగలదు, అందువల్ల ఒక తిత్తితో వచ్చిన రోగికి కొన్నేళ్ల తర్వాత పొట్ట నిండా తిత్తులు కనిపించవచ్చు. కాలేయంలో నీటితిత్తి కనబడినప్పుడు అది హైడాటిడ్ కాదని నిర్ధారించుకోకుండా సూది వేయకూడదని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. రక్తపరీక్ష ఆ నిర్ధారణకు తోడ్పడుతుంది గానీ తిత్తి ఉన్నప్పటికీ కొందరిలో ఫలితం నెగెటివ్‌గా రావచ్చు, కాబట్టి అల్ట్రాసౌండ్‌లో కనిపించే రూపానికే మొదటి ప్రాధాన్యం ఇస్తారు.

అల్ట్రాసౌండ్ రూపాన్ని బట్టి తిత్తులను సీఈ1 నుంచి సీఈ5 వరకు దశలుగా విభజించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఏర్పరచింది. వైద్యం ఆ దశ మీద ఆధారపడుతుంది. చురుకుగా ఉన్న చిన్న తిత్తి, అంటే అయిదు సెంటీమీటర్లలోపుది, పురుగుల మందు ఆల్బెండజోల్‌ను కొన్ని నెలలు వాడితేనే తగ్గిపోవచ్చు. కొంచెం పెద్దదై, లోపల పిల్ల తిత్తులు లేకుండా, పిత్తనాళంతో సంబంధం లేకుండా ఉంటే మీరు అడిగిన సూది పద్ధతినే క్రమబద్ధంగా చేస్తారు: అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిని పంపి ద్రవాన్ని లాగి, పరాన్నజీవిని చంపే ఆల్కహాల్ గానీ గాఢమైన ఉప్పు ద్రావణం గానీ ఎక్కించి, కొంతసేపు ఆగి తిరిగి లాగేస్తారు. అలర్జీ వస్తే ఎదుర్కోవడానికి కావలసినవన్నీ పక్కనే సిద్ధంగా ఉంచుకుని, చికిత్సకు ముందు నుంచీ, తర్వాత కనీసం నెలపాటూ ఆల్బెండజోల్ ఇస్తూ చేసే పని ఇది. లోపల పిల్ల తిత్తులు నిండి ఉన్నా, తిత్తి పగిలే స్థితిలో ఉన్నా, చీము పట్టినా శస్త్రచికిత్స అవసరమవుతుంది. తిత్తి తనంతట తాను గట్టిపడి, గోడలో సున్నం పేరుకుని, ఇక పెరగడం లేదని తేలితే ఏ చికిత్సా లేకుండా ఏటా స్కానింగ్‌తో గమనిస్తూ ఉండడమే మంచిది. ప్రతి తిత్తినీ కోయించుకోవలసిన పనిలేదని చాలామందికి తెలియదు. సున్నం పట్టిన పాత తిత్తికి అనవసరంగా ఆపరేషన్ చేయించుకోవడం వల్ల రోగి నష్టపోయేదే ఎక్కువ. కనుక మీ రిపోర్టులో దశ రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.

ఇక మాత్ర విషయం. మందు పేరు ఒకటే అయినా వాడే తీరు వేరు. పిల్లలకు నులిపురుగుల కోసం ఇచ్చే ఒక్క మాత్ర ఆల్బెండజోల్ ఈ తిత్తిని ఏమీ చేయదు. ఇక్కడ శరీర బరువులో కిలోకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, రెండు పూటలుగా, కొవ్వు ఉన్న ఆహారంతో, నెలల తరబడి ఇస్తారు. ఆ కాలంలో కాలేయం పనితీరు, తెల్ల రక్తకణాల సంఖ్య ఎప్పటికప్పుడు పరీక్షించాలి, గర్భం మొదటి నెలల్లో వాడకూడదు. సొంతంగా కొనుక్కుని వేసుకునే మందు కాదిది.

ప్రశ్న: ఇంట్లో ఒకరికి ఈ తిత్తి ఉంటే పక్కవారికి అంటుకుంటుందా? వారి పళ్లెం, మంచం వేరు చేయాలా?

జవాబు: అవసరం లేదు. మనిషిలో ఎదిగిన పురుగూ ఉండదు, గుడ్లూ ఉండవు, కాబట్టి మనిషి నుంచి మనిషికి సోకదు. అయితే ఇంట్లో అందరూ ఒకే నీరు తాగి, ఒకే మట్టిలో తిరిగి, ఒకే కుక్కతో ఆడినవారైతే మిగిలినవారికీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించడం మంచిది.

ప్రశ్న: నేను వన్యప్రాణి శాస్త్రం చదువుతున్నాను. ఈ పురుగు అడవి జంతువులలో ఎలా బతుకుతుంది? నక్కలలో ఉండే రకం మనుషులకు మరింత ప్రాణాంతకం అని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే. మీ ప్రశ్నకు కొంత విస్తారంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే కుక్క, గొర్రె అనే పెంపుడు చక్రం ఏర్పడక ముందే ఈ పురుగులకు అడవిలో తమ చక్రాలు ఉన్నాయి, అవి ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి. ఉత్తర అమెరికాలో, యురేషియా ఉత్తర భాగంలో తోడేళ్లకూ, మూస్ వంటి పెద్ద జింకజాతి జంతువులకూ మధ్య తిరిగే ఎకైనోకాకస్ ఉంది. మూస్ ఊపిరితిత్తులలో తిత్తులు పెరిగితే అది ఎక్కువ దూరం పరిగెత్తలేక తోడేలుకు సులువుగా చిక్కుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. పరాన్నజీవికి కావలసింది కూడా అదే. ఆస్ట్రేలియాలో గొర్రెలతో పాటు వచ్చిన గ్రాన్యులోసస్, డింగో అనే అక్కడి కుక్కజాతి జంతువులకూ కంగారూ, వాలబీలకూ మధ్య కొత్త చక్రాన్ని ఏర్పరచుకుంది. మధ్య, దక్షిణ అమెరికా అడవులలో అడవికుక్కలకూ, పాకా అనే పెద్ద ఎలుకజాతి జంతువుకూ మధ్య తిరిగే ఎకైనోకాకస్ వోగెలి ఉంది.

మీరు విన్న నక్క రకం పేరు ఎకైనోకాకస్ మల్టిలాక్యులారిస్. ఇది ఉత్తరార్ధగోళానికి మాత్రమే పరిమితం: ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కల ఐరోపా, రష్యా, మధ్య ఆసియా, టిబెట్ పీఠభూమి, జపాన్‌లోని హొక్కైడో, అలాస్కా, కెనడా, అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాలు. ఎదిగిన పురుగు ఎర్ర నక్క, ధ్రువ నక్క, కయోటీ, రకూన్ కుక్క వంటి వాటి పేగులో ఉంటుంది. పొడవు అయిదు మిల్లీమీటర్ల లోపే. గొర్రె స్థానంలో ఇక్కడ వోల్, లెమ్మింగ్ వంటి చిన్న ఎలుకజాతి జంతువులు ఉంటాయి. వాటి ఆయుష్షు తక్కువ కాబట్టి లార్వాకు ఏళ్ల తరబడి నింపాదిగా పెరిగే అవకాశం లేదు. వారాల వ్యవధిలో కాలేయమంతా ఆక్రమించి, వేల తలలు తయారుచేసి, ఆ ఎలుక నక్క నోటిలో పడే నాటికి సిద్ధంగా ఉండాలి. ఆ తీరులో పెరగడానికి అలవాటుపడిన లార్వా మనిషి కాలేయంలో పడితే గోడ కట్టుకున్న ఒక్క తిత్తిగా ఉండదు. చిన్న చిన్న బుడగల గుంపుగా, కణజాలంలోకి వేళ్లు చొప్పించుకుంటూ, కాన్సర్ గడ్డలా పాకుతుంది. ఊపిరితిత్తులకూ మెదడుకూ వ్యాపించగలదు. సోకిన అయిదు నుంచి పదిహేనేళ్ల వరకు ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. వైద్యం చేయకపోతే, వ్యాధి బయటపడిన తర్వాత పది పదిహేనేళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మరణిస్తారు. శస్త్రచికిత్సతో పూర్తిగా తీసివేయడం సాధ్యమైతే సరే, లేకుంటే ఆల్బెండజోల్‌ను ఏళ్ల తరబడి, చాలామంది జీవితాంతం వాడవలసి ఉంటుంది. ఆ మందు వచ్చిన తర్వాత రోగుల ఆయుష్షు ఎంతగానో పెరిగింది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 18,000 మందికి ఈ వ్యాధి కొత్తగా వస్తోందని 2010లో ప్రచురితమైన ఒక అంచనా చెబుతోంది. వారిలో అత్యధికులు చైనా పశ్చిమ ప్రాంతాలవారు.

కాన్సర్‌తో పోలిక నేను తెచ్చిపెట్టినది కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు జర్మనీ వైద్యులు దీనిని ఒక రకం కాలేయ కాన్సర్‌గానే భావించారు. అది పరాన్నజీవి అని 1855లో రుడాల్ఫ్ విర్చో గుర్తించారు. అంతకు కొద్దికాలం ముందే, 1852లో ఫాన్ సీబోల్డ్ గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగులలో ఎదిగిన పురుగులను చూపించారు. అయితే మల్టిలాక్యులారిస్ అనేది గ్రాన్యులోసస్‌కు మరో రూపమా, వేరే జాతా అన్న వాదం దాదాపు వందేళ్లు నడిచింది. బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో ధ్రువ నక్కలకూ వోల్‌లకూ మధ్య దాని చక్రాన్ని 1950లలో రాబర్ట్ రౌష్, ఎవరెట్ షిల్లర్ నిరూపించిన తర్వాత, అదే కాలంలో జర్మనీలో హాన్స్ ఫోగెల్ ఎర్ర నక్కలలో దానిని ధ్రువీకరించిన తర్వాత ఆ వాదం ముగిసింది.

వన్యప్రాణి శాస్త్రం చదువుతున్నారు కాబట్టి ఒక విషయం మీరు తప్పక గమనించాలి. ఈ పురుగు కొత్త చోటికి చేరడంలో మనిషి ప్రమేయం పదేపదే కనిపిస్తుంది. హొక్కైడో దగ్గరి రెబున్ దీవికి 1924, 1926 మధ్య కురిల్ దీవుల నుంచి నక్కలను తెచ్చి వదిలారు. వోల్‌ల బెడద తగ్గుతుందని, బొచ్చు చర్మాలు దొరుకుతాయని వారి ఆశ. నక్కలతో పాటు పురుగు వచ్చింది, దీవి జనంలో వందమందికి పైగా ఈ వ్యాధి పాలయ్యారు. చివరకు నక్కలను, కుక్కలను తొలగించిన తర్వాత గానీ ఆ దీవి బయటపడలేదు. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌లో ధ్రువ నక్కలు ఎప్పటి నుంచో ఉన్నా తగిన ఎలుకజాతి లేకపోవడం వల్ల ఈ చక్రం సాగలేదు. ఓడల ద్వారా అనుకోకుండా చేరిన ఒక వోల్ జాతి అక్కడ స్థిరపడింది. 1999లో ఆ వోల్‌లలో మల్టిలాక్యులారిస్ కనిపించింది. ఐరోపాలో కథ వేరుగా నడిచింది. అడవి నక్కలకు నోటి ద్వారా రేబిస్ టీకా ఇచ్చే కార్యక్రమం 1978లో స్విట్జర్లాండ్‌లో మొదలై ఇతర దేశాలకు విస్తరించింది. రేబిస్ తగ్గి నక్కల సంఖ్య పెరిగింది, జ్యూరిక్ వంటి నగరాల తోటలలోనే నక్కలు కాపురం పెట్టాయి. పదిహేనేళ్లు గడిచేసరికి స్విట్జర్లాండ్‌లో మనుషులలో ఈ వ్యాధి కేసులు పెరిగాయి. రేబిస్ టీకా వేయడం తప్పని దీని అర్థం ఎంతమాత్రం కాదు, ఆ టీకా ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఒక జంతువు సంఖ్య మారినప్పుడు దాని పేగులో ఏముందో కూడా లెక్కలోకి తీసుకోవాలన్నదే నా అభిప్రాయం. ప్రాజిక్వాంటెల్ మందు కలిపిన ఎరలను నెలనెలా వేసి నగరాల నక్కలలో పురుగులను తగ్గించవచ్చని జ్యూరిక్‌లోనూ, మ్యూనిక్ పరిసరాల్లోనూ జరిగిన ప్రయత్నాలు చూపించాయి, కానీ ఎరలు మానేస్తే పురుగు తిరిగి వస్తుంది.

క్షేత్రంలో చనిపోయిన నక్కను గానీ, నక్క మలాన్ని గానీ తాకవలసి వస్తే చేతి తొడుగులు తప్పనిసరి. నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలు వాటిని ముందుగా మైనస్ 80 డిగ్రీల వద్ద కొన్ని రోజులు ఉంచి గుడ్లను చంపుతాయి. ఇంటి ఫ్రిజ్‌లోని మైనస్ 20 డిగ్రీల చలికి ఆ గుడ్లు చావవు. ఆల్కహాల్ రాసుకున్నా చావవు. వేడికి మాత్రం తట్టుకోలేవు, మరుగుతున్న నీటిలో వెంటనే చచ్చిపోతాయి.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్లుగా ఒక కుక్క ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. బంధువులు దానిని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇచ్చేయవద్దు. కుక్క తనంతట తాను ఈ పురుగును పుట్టించదు, తిత్తి ఉన్న పచ్చి అవయవాన్నో, సోకిన ఎలుకనో తిన్నప్పుడు మాత్రమే దానికి వస్తుంది. ఉడికిన ఆహారమో, తయారైన కుక్క ఆహారమో తింటూ, ఇంటి ఆవరణలో ఉండి, వేటకు పోని కుక్క వల్ల పిల్లలకు ఈ వ్యాధి సోకే అవకాశం చాలా తక్కువ. పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు దానికి వేయకండి, ఎవరైనా వేస్తుంటే ఆపండి. బయట తిరిగే కుక్క అయితే పశువైద్యుని సలహాతో ప్రాజిక్వాంటెల్ ఇప్పించండి. ఆ మందు ఎదిగిన పురుగులను చంపుతుంది కానీ గుడ్లను చంపదు, అందువల్ల మందు వేసిన తర్వాత కొన్ని రోజులపాటు మలాన్ని తొడుగులతో ఎత్తి కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయాలి. ఎలుకలను పట్టే కుక్కకూ, గొర్రెల మందల వెంట తిరిగే కుక్కకూ ఒక్కసారి ఇస్తే సరిపోదు. నక్క రకం పురుగు నాలుగు వారాలకే గుడ్లు పెట్టగలదు కాబట్టి, ఆ పురుగు ఉన్న ప్రాంతాలలో అలాంటి కుక్కలకు నాలుగు వారాలకొకసారి మందు ఇవ్వాలని పశువైద్య నిపుణులు సూచిస్తారు. ఈ నక్క రకం పురుగు లేని బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే (స్వాల్‌బార్డ్ మినహా) వంటి దేశాలు, బయటి నుంచి వచ్చే కుక్కకు ప్రవేశానికి 24 నుంచి 120 గంటల ముందు ఈ మందు వేయించి ఉండాలని నిబంధన పెట్టుకున్నాయి.

కుక్క మలాన్ని మామూలు మైక్రోస్కోపుతో పరీక్షిస్తే ఈ పురుగు గుడ్లకూ, ఇతర టీనియా పురుగుల గుడ్లకూ తేడా కనిపించదు. వేరు చేయాలంటే ప్రత్యేక పరీక్షలు కావాలి. అందుకని పరీక్ష కోసం ఎదురుచూడడం కంటే మందు వేయించడమే తేలిక. పిల్లలకు నేర్పవలసింది కుక్కను చూసి భయపడడం కాదు. కుక్కతో ఆడిన తర్వాత, మట్టిలో ఆడిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పండి. సబ్బు గుడ్డును చంపదు, చేతి మీద నుంచి కడిగి పంపేస్తుంది, అది చాలు.

ప్రశ్న: ఇన్ని జంతువులలో తిరిగే పురుగును ఏ దేశమైనా పూర్తిగా నిర్మూలించగలిగిందా?

జవాబు: అడవిలో వోల్‌లకూ నక్కలకూ మధ్య తిరిగే రకాన్ని రెబున్ వంటి చిన్న దీవులలో తప్ప నిర్మూలించడం సాధ్యం కాలేదు. కుక్క, గొర్రె చక్రంలో తిరిగే గ్రాన్యులోసస్‌ను మాత్రం కొన్ని దేశాలు వదిలించుకున్నాయి, అది నాకు ఎంతో ఆశ కలిగించే విషయం. పందొమ్మిదో శతాబ్దంలో ఐస్‌లాండ్ ఈ వ్యాధితో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా బాధపడిన ప్రాంతాలలో ఒకటి. 1863లో డెన్మార్క్ నుంచి అక్కడికి వెళ్లిన హరాల్డ్ క్రాబె కుక్కలను పరీక్షించి, ఈ వ్యాధి కుక్కల నుంచి ఎలా వస్తుందో, తిత్తులున్న అవయవాలను ఏం చేయాలో సామాన్యులకు అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం రాశారు. దానిని ఇంటింటికీ పంచారు. కుక్కల సంఖ్యను తగ్గించే చట్టం 1869లో వచ్చింది. అప్పటికి నేటి మందులేవీ లేవు. జనం చదివి, అర్థం చేసుకుని, పచ్చి అవయవాలను పూడ్చడమూ, కాల్చడమూ అలవాటు చేసుకున్నారు. ముసలి గొర్రెలకు బదులు గొర్రెపిల్లలను కోసే పద్ధతి పెరగడం కూడా తోడ్పడింది, ఎందుకంటే లేత వయసు జంతువులో తిత్తికి పక్వం కావడానికి వ్యవధి ఉండదు.

న్యూజిలాండ్ 1959లో చట్టం చేసి కుక్కలన్నిటికీ క్రమం తప్పకుండా పరీక్షలు, మందులు ఇప్పించింది, 2002లో వ్యాధి లేనట్టు తాత్కాలికంగా ప్రకటించుకుంది. టాస్మేనియా 1996లో ఆ స్థితికి చేరింది. ఇవన్నీ దీవులు, బయటి నుంచి జంతువులు నడిచి రాలేని చోట్లు. విశాలమైన భూభాగాలలో, సంచార పశుపోషకుల మధ్య, యజమాని లేని కుక్కలు ఎక్కువగా ఉన్న చోట కుక్కలకు ఆరు వారాలకొకసారి మందు వేయడం దశాబ్దాల తరబడి సాగించగలిగే పని కాదు. ఆ లోటును తీర్చడానికే గొర్రెలకు ఈజీ95 అనే టీకా వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన మార్షల్ లైటౌలర్స్, న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ హీత్ బృందాలు రూపొందించి 1996లో ప్రకటించిన ఈ టీకా రెండు మోతాదులు వేసుకున్న గొర్రెలకు ప్రయోగాలలో 95 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది; చైనాలోనూ, అర్జెంటీనాలోనూ దానిని వాడుతున్నారు. టీకా వేసిన నాటికే తిత్తులున్న ముసలి గొర్రెలకు అది పనికిరాదు. మంద మొత్తం మారేదాకా, అంటే కొన్నేళ్లపాటు, కుక్కలకు మందు వేయడం ఆపకూడదు.

నిర్మూలన కార్యక్రమం ఫలించిందో లేదో ఆసుపత్రికి వచ్చే రోగుల సంఖ్యను బట్టి వెంటనే చెప్పడం కుదరదు. కొత్తగా సోకడం ఆగిపోయిన తర్వాత కూడా, ఎప్పుడో బాల్యంలో సోకిన వృద్ధులలో తిత్తులు ఇరవై ముప్పై ఏళ్లపాటు బయటపడుతూనే ఉంటాయి. అందువల్ల ఇలాంటి ప్రాంతాలలో బడిపిల్లల పొట్టలకు అల్ట్రాసౌండ్ చేసి చూస్తారు. కార్యక్రమం మొదలైన తర్వాత పుట్టిన పిల్లలలో తిత్తి కనిపించిందంటే గుడ్లు ఇంకా ఎక్కడినుంచో వస్తున్నాయని అర్థం. అప్పుడు ఆ పిల్లల ఇళ్ల చుట్టుపక్కల కుక్కలు ఏం తింటున్నాయో, గొర్రెలను ఎక్కడ కోస్తున్నారో వెతుక్కుంటూ వెళతారు.